చెక్క మడమల బూట్లు

మా ఆయన వెంకటరామప్ప పాదాల సంగతి నాకు పెళ్ళయిన మూడో రోజే తెలిసిపోయింది. స్నానం చేసి తడికాళ్ళతో నడవలోంచి వెళ్ళాడు. ఎవరి తడికాలైనా నేలమీద పడితే లోపలి పక్క కాస్త ఖాళీ ఉంటుంది కదా, ఈయనకు లేదు. మడమ నుంచి వేళ్ళ దాకా నిండుగా, రొట్టె తట్టినట్టు పడింది అచ్చు. నేను తమిళనాడు అంచున, హోసూరు దగ్గరి బేరిగైలో చిన్నపిల్లల బడి పంతులమ్మను. తప్పు కనబడితే ఊరుకునే గుణం నాకు లేదు.

"ఏమయ్యా, నీ అరికాల్లో గుంత యాడికి పోయింది?" అని అడిగేశాను.

ఆయన వంగి చూసుకుని, "మా నాయనకూ ఇంతే. ఈ కాళ్ళతోనే ఆయన గుండెత్తినాడు" అన్నాడు.

గుండు అనే మాట మా ఇంట్లోకి అలా వచ్చింది. వచ్చింది వచ్చినట్టు పోయిందా? పద్దెనిమిదేళ్ళు మాతోపాటు కాపురం చేసింది.

మా ఊళ్ళో ఆంజనేయస్వామి గరిడి ఉంది. పాతకాలపు వ్యాయామశాల. మట్టిగోడలు, పెంకుల కప్పు, నేలంతా రాతిబండలు. లోపల స్వామి పటం, పటం ముందు ఒక నల్లటి గుండ్రాయి. ఏటా శ్రావణమాసం చివరి శనివారం ఎవరైనా ఆ గుండును భుజానికెత్తుకుని స్వామి వైపు మూడడుగులు వేస్తే, గరిడి వస్తాదు, అంటే గురువు, ఎర్రటి జాజు కలిపి తన చేత్తో వాళ్ళ పేరు గోడమీద రాస్తాడు. గరిడి పుట్టినప్పటినుంచి రాసింది పదకొండు పేర్లే. తొమ్మిదో పేరు మా మామగారు హనుమంతప్పది. చెప్పులు వేసుకున్నవాళ్ళు ఆ గడప దాటకూడదు. ఆడవాళ్ళు చెప్పులు విప్పినా దాటకూడదు. కాబట్టి నేను చెబుతున్నదంతా చెవులతో విన్నదే. ఇన్నేళ్ళుగా ఊరి పిల్లలకు అక్షరాలు దిద్దించిన నన్ను ఆ పదకొండు పేర్లు మాత్రం చదవనివ్వరు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా మామగారు తొంభై మూడులో పోయారు. అప్పటికి మా ఆయనకు ముప్పై ఏళ్ళు. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో టర్నర్ పని. ఎనిమిది గంటలు లేతు మిషను ముందు నిలబడి, బస్సులో నిలబడి, ఇంటికొచ్చి కూలబడేవాడు. అలాంటి మనిషి దినకర్మలు ముగిసిన మర్నాడు, "నాయన పేరు ఉండే గోడమీద నా పేరూ ఉండాల మంజులా" అన్నాడు. దుఃఖంలో ఉన్నాడు, నాలుగు రోజులు పోతే మరిచిపోతాడులే అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గరిడి వస్తాదు ఆంజప్ప మా మామగారి స్నేహితుడు. వస్తాదు అంటే కండలు తిరిగిన మనిషిని ఊహించుకోకండి. బక్కగా, తెల్లమీసాలతో, చూడ్డానికి రాగిచేనుకు కాపలా పోయే ముసలాయనలా ఉంటాడు. నిజానికి ఆయన రాగి రైతే. గట్టిగా మాట్లాడడు. పిల్లలు ఒకరిద్దరు ఎగ్గొట్టినా కోప్పడడు. గరిడి నియమం దగ్గర మాత్రం బండ కదిలినా ఆయన కదలడు.

మా ఆయన దండీలు, బస్కీలు మొదలుపెట్టాడు. రెండో నెల చిన్నరాళ్ళు ఎత్తడం మొదలైంది. మూడో నెలకు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకునేవాడు. మడమలో మేకు దిగినట్టు ఉందనేవాడు. నేను ఆముదం కాచి రాశాను. ఉప్పుమూట కాపడం పెట్టాను. చింతాకు ఉడకబెట్టి కట్టాను. ఇటుక వేడిచేసి దానిమీద జిల్లేడాకులు పరిచి కాలు పెట్టమన్నాను. పొద్దున తగ్గినట్టుండేది, సాయంత్రం గరిడికి పోయి వచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చేది.

"ఉత్తకాలు నేలను పట్టుకుంటేనే బలం వచ్చేదప్పా. కొత్తలో నొస్తాది, పోతాది" అనేవాడట ఆంజప్ప. ఆయన అబద్ధం చెప్పలేదు. అక్కడ అందరి కాళ్ళూ అలాగే గట్టిపడ్డాయి. మా ఆయన కాలు మాత్రం బరువు మీద పడేకొద్దీ ఇంకా పరుచుకుపోయింది. అది ఆయనకు తెలియదు, ఆంజప్పకూ తెలియదు. ఈయనేమో తన భక్తిలో లోపం ఉందనుకుని శనివారం ఒక్కపొద్దు మొదలుపెట్టాడు. కాలి నొప్పికి కడుపు మాడ్చుకున్న మనిషిని నేను ఈయన్నే చూశాను.

తొంభై నాలుగు శ్రావణంలో గుండు దగ్గర నిలబడ్డాడు. నేను మిగతా ఆడవాళ్ళతో వీధిలో ఉన్నాను. లోపల కేకలు, చప్పట్లు. తర్వాత బండమీద ధడేలుమని చప్పుడు. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి మా ఆయన గోడ పట్టుకుని బయటికొచ్చాడు, ఏమీ జరగనట్టు నవ్వుతూ. మోకాళ్ళ దాకా ఎత్తాడట. కుడికాలు లోపలికి మడతపడిందట. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను తిడతాను. వీధిలోనే నాలుగు తగిలించాను.

మర్నాడే క్రిష్ణగిరికి లాక్కెళ్ళాను. అక్కడ ఎముకల డాక్టరమ్మ ఆయన చేత తడికాలితో కాగితం మీద అడుగు వేయించింది. అచ్చు చూసి, మీ పాదానికి వంపు లేదు, అరికాల్లో నరం సాగి సాగి మడమ దగ్గర పుండులా అయింది, ఈ కాలితో ఉత్తపాదాల మీద బరువు ఎత్తితే ఒకరోజు నడకే పోతుంది అని తమిళంలో దులిపేసింది. ఆరు వారాలు ఏ బరువూ ముట్టకూడదు. ఆ తర్వాత ఎత్తాలంటే సరైన బూట్లు వేసుకుని, తక్కువ బరువుతో మొదలుపెట్టి ఎత్తుకోవచ్చు. అంతే కానీ ఉత్తకాలు మాత్రం కూడదు.

బూట్లు అనగానే ఈ మహానుభావుడు ఏం చేశాడు? హోసూరు బజారుకు పోయి, అడుగున మూడువేళ్ళ మందం స్పాంజి ఉన్న తెల్లటి బూట్లు కొనుక్కొచ్చాడు. "దూది మీద నడిచినట్టుంది మంజులా" అని ఇల్లంతా తిరిగాడు. ఆరు వారాలయ్యాక పెరట్లో రాగిమూట ఎత్తాడు. దూదిమీద నిలబడి మూట ఎత్తితే ఏమవుతుంది? కాలు ఇటు ఒరిగింది, మోకాలు అటు ఒరిగింది, మూట నా తులసికోట మీద పడింది. మడమ నొప్పికి తోడు మోకాలి నొప్పి కూడా చేరింది.

ఫ్యాక్టరీలో పక్క మిషను మీద ధనశేఖర్ అని ఒకాయన ఉండేవాడు. హోసూరులో ఇనుపబరువులు ఎత్తే జిమ్ముకు పోయే మనిషి. ఆయన ఆ బూట్లు చూసి నెత్తి కొట్టుకున్నాడట. ఒక ఆదివారం మా ఇంటికే వచ్చి బూటును బొటనవేలితో నొక్కి చూపించాడు.

"చూడక్కా, ఇది పరిగెత్తేవాళ్ళ బూటు. నొక్కితే దిగిపోతా ఉండాది. మీరు పరుపు మీద నిలబడి నీళ్ళబిందె ఎత్తుకుంటారా? అట్లనే ఇదీ. బరువెత్తేదానికి అడుగు గట్టిగా ఉండాల. మడమ ఒక వేలెత్తు లేసి ఉండాల, అదీ చెక్కతో. కాలు లోపల జారకుండా బిగిచ్చి కట్టుకోవాల. అన్న కాలికి అంగట్లో దొరికేది కుదరదు. చేయించుకోవాల."

చేయించడానికి నేను తోడు పోయాను. ఈయన్ను ఒంటరిగా పంపితే మళ్ళీ దూది తెస్తాడు. హోసూరు బస్టాండు పక్కన తిమ్మయ్య అని చెప్పులు కుట్టే ముసలాయన ఉండేవాడు. పొద్దున్నే పోతే, "ఇప్పుడు పోయి సాయంత్రం రాండమ్మా" అని వెనక్కి పంపాడు. "దినమంతా నిలబడి వాచిన కాలు కావాల నాకు. అదే అసలు కాలు."

సాయంత్రం పోయాం. నేలమీద అట్ట పరిచి రెండు కాళ్ళూ పెట్టమన్నాడు. గీత గీయబోయి ఆగాడు. "బరువు మోసేటప్పుడు ఎంత పరుచుకుంటాదో చూడాల గదప్పా. ఏదన్నా ఎత్తుకో."

చుట్టూ చూస్తే ఎత్తుకోవడానికి ఏమీ లేదు. మా ఆయన నావైపు చూశాడు. వద్దు వద్దు అంటుండగానే నన్ను ఎత్తుకున్నాడు! హోసూరు బస్టాండులో, అంతమంది జనం ముందు, చేతిలో కూరగాయల సంచితో సహా! నేను పాఠం చెప్పిన పిల్ల ఒకతి బస్సు కిటికీలోంచి చూస్తోంది. తిమ్మయ్య మాత్రం మాకేసి తలైనా ఎత్తకుండా నిదానంగా గీత గీసుకున్నాడు. దించాక వారం రోజులు నేను ఈయనతో మాట్లాడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఇంకో క్షణం ఉంచినా బాగుండేదే అనిపిస్తుంది.

పదిరోజులకు బూట్లు వచ్చాయి. బర్రెతోలు, రెండు పొరల గట్టి అడుగు, తుమ్మచెక్క మడమలు, లోపల వంపు ఉండాల్సిన చోట తోలుముద్ద, చీలమండ దాకా తాళ్ళు, పైన ఒక పట్టీ. అందం మాట అడగొద్దు. ఎద్దుబండికి అమర్చే సామానులా ఉన్నాయి. కానీ అవి వేసుకుని మూట ఎత్తితే కాలు కదల్లేదు. తక్కువ బరువుతో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోయాడు. ఒకరోజు పొద్దున మంచం దిగి పెరట్లోకి పోయి వచ్చాడు. గోడ పట్టుకోలేదని వచ్చాక గానీ నాకు తట్టలేదు. దేవుడికి దీపం పెట్టి, తిమ్మయ్యకు మనసులోనే దండం పెట్టాను.

ఇక గుండు ఎత్తడమే తరువాయి అనుకున్నాం. ఆ బూట్లు స్వామి ముందుకు ఎలా పోతాయన్నది ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. చూడండి మా తెలివి!

గడప దగ్గర ఆంజప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. మా ఆయన కాగితాలు చూపించాడు, డాక్టరమ్మ మాట చెప్పాడు. ఆంజప్ప అంతా విన్నాడు.

"నీ నొప్పి అబద్ధమని నేను అన్లేదప్పా. ఈడ స్వామి ఉండాడు. ఈ గడప నాది కాదు, మా వస్తాదు నా చేతికిచ్చి పోయినాడు. నీకు వదిలితే రేపు ఎవర్ని ఆపేది? నువ్వే చెప్పు."

మా ఆయన ఇంటికి వచ్చేసి జరిగింది చెప్పాడు. కొంగు బిగించి బయల్దేరాను. గడప అవతల ఆయన, ఇవతల నేను.

"మామా, నీ స్వామి సముద్రం దాటినోడు గదా. తోలు ముక్కను చూసి భయపడతాడా?"

"భయపడేది నేనమ్మా, ఆయన కాదు" అన్నాడు ఆంజప్ప. "మీ మామ పేరు రాసింది ఈ చెయ్యే. నీ మొగుని పేరు రాసేదానికి ఈ చెయ్యి ఎంత ఎదురు చూస్తా ఉండాదో నీకు తెలీదు." కళ్ళు తుడుచుకున్నాడు. పోట్లాడే మనిషితో ఎంతైనా పోట్లాడొచ్చు. కళ్ళు తుడుచుకునేవాడితో ఏం చేస్తాం? నోరు మూసుకుని వచ్చేశాను.

తొంభై ఏడులో మా ఆయన నాకు చెప్పకుండా ఒక ప్రయత్నం చేశాడు. శ్రావణ శనివారం ఉత్తకాళ్ళతో లోపలికి పోయి గుండు పట్టాడు. ఛాతీ దాకా తెచ్చాడట. అరికాల్లో ఏదో టప్పుమని తెగిందట. నలుగురు మోసుకొచ్చి నడవలో పడుకోబెట్టారు. మూడు నెలలు ఫ్యాక్టరీ లేదు. కాలు నా ఒళ్ళో పెట్టుకుని కట్టు మారుస్తూ అడిగాను, "నీకు నేను ముఖ్యమా, గుండు ముఖ్యమా?" అని. జవాబు చెప్పడానికి ఆయన కాసేపు తీసుకున్నాడు. ఆ కాసేపటికి నేను ఆయన్ను ఇప్పటికీ క్షమించలేదు. ఉత్తకాళ్ళతో ఇంక ఏ బరువూ ఎత్తనని నా నెత్తిమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను.

ఒట్టు తప్పలేదు. ధనశేఖర్ పోయే జిమ్ములో బూట్లు కట్టుకుని ఇనుము ఎత్తేవాడు. గుండుకంటే ఎక్కువ బరువే ఎత్తేవాడు. కానీ రోజూ సాయంత్రం బస్సు దిగి, టిఫిన్ క్యారియరు చేతిలో పట్టుకుని గరిడి ముందు ఆగేవాడు. అయిదు నిమిషాలు. ఆ లెక్క నాకెలా తెలుసంటే, బస్సు హారను వినబడగానే నేను అన్నం వడ్డించేదాన్ని, అది రోజూ చల్లారేది. ఒకరోజు ఏం చూస్తాడో చూద్దామని వెనకాలే పోయి నిలబడ్డాను. వీధిలోంచి చూస్తే గుండులో సగం కనబడుతుంది, గోడలో ఒక మూల కనబడుతుంది. పేర్లున్న వైపు తలుపు చాటున ఉండిపోతుంది. ఆ కనబడని వైపే చూస్తున్నాడు మా ఆయన. నన్ను చూసి, "చీకటి పడతా ఉండాది, పోదాం పా" అన్నాడు. ఆరోజు నుంచి అన్నం ఆలస్యంగా వడ్డించడం నేర్చుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. హోసూరులో అద్దాలు పెట్టిన జిమ్ములు వచ్చాయి. కుర్రాళ్ళు అటే పోయారు. గరిడిలో సాయంత్రాలు నలుగురైదుగురు మిగిలారు. పన్నెండో పేరు మాత్రం ఎవరిదీ పడలేదు. శ్రావణం వస్తే మా ఆయన బూట్లు తుడిచి, తాళ్ళు మార్చి, తొడుక్కుని గడప ఇవతల నిలబడేవాడు. ఎత్తే వాళ్ళను చూసి చప్పట్లు కొట్టేవాడు. ఇంకొకరు ఓడిపోతే సంతోషపడొచ్చు కదా, అదీ చేతకాదు ఈయనకు. కుర్రాడెవడైనా కాలు మడతపడి కూలబడితే, "అడుగు ఎడం చేసి నిలబడప్పా, మడమ మీద బరువు పెట్టు" అని బయటినుంచే కేకలేసేవాడు.

రెండువేల నాలుగులో క్రిష్ణగిరి జిల్లా అయింది. అదే ఏడు అక్కడ బరువులెత్తే పోటీ పెడితే, నలభై దాటినవాళ్ళలో మా ఆయనకు రెండో బహుమతి వచ్చింది. ధనశేఖర్ స్వీట్లు పంచాడు. ఈయన కప్పు తెచ్చి మా మామగారి పటం ముందు పెట్టాడు. రెండు రోజులయ్యాక చూస్తే అందులో అగరవత్తులున్నాయి.

"అదేమయ్యా, కప్పును అట్ల చేసినావు?" అన్నాను.

"నాయన దీన్ని ఎత్తలేదు గదా మంజులా" అన్నాడు. పోయి బియ్యం ఏరుకున్నాను.

ఆ మరుసటి ఏడు ఆంజప్ప కాలికి దెబ్బ తగిలింది. ఆయనకు ఎప్పటినుంచో షుగరు. అరికాల్లో తిమ్మిరి, స్పర్శ తెలియదు. గరిడి ఊడుస్తుంటే పెంకుముక్క గుచ్చుకుంది. గుచ్చుకున్న సంగతే తెలియక వారం రోజులు దానిమీదే నడిచాడు. వాసన వచ్చాక కోడలు చూసింది. క్రిష్ణగిరి ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. ఇకమీదట ఇంట్లో అయినా సరే చెప్పులు లేకుండా ఒక్క అడుగు కూడా నేలమీద పెట్టకూడదన్నారు. పెడితే ఈసారి కాలే పోతుందన్నారు.

ఆసుపత్రికి మనిషిని తీసుకుపోయిందీ, తీసుకొచ్చిందీ మా ఆయనే. తిమ్మయ్య దగ్గర మెత్తటి అడుగున్న చెప్పులు చేయించిందీ ఆయనే. "నీకు గట్టి అడుగు, ఆయనకు మెత్తటి అడుగు. కాలు కాలికీ న్యాయం వేరప్పా" అన్నాడట తిమ్మయ్య.

ఊరికి వచ్చిన సాయంత్రం ఆంజప్ప కర్ర పట్టుకుని గరిడి దాకా నడిచాడు. గడప ముందు ఆగాడు. లోపల కుర్రాళ్ళు లేచి నిలబడి, "రా తాతా, నీకేం, నువ్వు వస్తాదువి గదా" అన్నారు. ఆయన కొత్త చెప్పులు చూసుకున్నాడు. వెనక్కి తిరిగి వీధి అరుగుమీద కూర్చున్నాడు.

"పదేండ్లు వెంకటరామప్పను బయట నిలబెట్టినాను. నాకొక న్యాయం, వానికొక న్యాయమా?" అన్నాడు.

మళ్ళీ లోపలికి పోలేదు. రోజూ సాయంత్రం వచ్చి అరుగుమీద కూర్చునేవాడు. మా ఆయన బస్సు దిగి పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ తలుపులోంచి సగం గుండు, మూల గోడ చూస్తూ ఉండేవాళ్ళు. నా అన్నం ఇప్పుడు అరగంట ఆలస్యం. ఆడవాళ్ళకు ఆ గడప ఎందుకు లేదని నేనడిగితే నియమం అన్న మగాళ్ళు ఇద్దరూ నాలాగే బయట కూర్చున్నారే అని ఒకపక్క నవ్వొచ్చేది. ఇంకోపక్క ఆ ముసలాయన మెడ చాచి లోపలికి చూసే తీరు చూసి రెండు గ్లాసుల మజ్జిగ పట్టుకెళ్ళేదాన్ని.

రెండువేల ఆరు, శ్రావణం చివరి శనివారం. మా ఆయనకు నలభై మూడేళ్ళు. ఎప్పటిలా బూట్లు కట్టుకుని గడప ఇవతల నిలబడ్డాడు. లోపల ముగ్గురు ప్రయత్నించి ఓడిపోయారు. అప్పుడు అరుగుమీద నుంచి ఆంజప్ప లేచాడు.

"రేయ్, గుండు ఈడికి దొర్లించండ్రా" అన్నాడు.

ఊరి పెద్ద ఒకాయన, "అదెట్లప్పా, స్వామి ముందర ఎత్తాల గదా?" అన్నాడు.

"చెప్పులు ఉండేది మా కాళ్ళకు. గుండుకు లేవు గదా. అది బయటికి రావచ్చు. స్వామికి కండ్లు లేవా? తలుపు తీసే ఉండాది, ఆడనుంచే చూస్తాడు." తర్వాత చిన్నగా అన్నాడు, "ఈ మాట నాకు పదేండ్ల ముందే తోచి ఉంటే బాగుండును."

నలుగురు కుర్రాళ్ళు దొర్లించారు. గుండు గడప ఎక్కి, గడప దిగి వీధిలోకి వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. అప్పుడు చూశాను దాన్ని మొత్తంగా, మొదటిసారి. ఇంతేనా! మా ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేసిన సవతి ఇదేనా! పెద్ద గుమ్మడికాయకంటే కాస్త పెద్దది. చేతులు తగిలి తగిలి నూనె రాసినట్టు మెరుస్తోంది. ఎవరేమనుకున్నా సరే అని వంగి చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. ఒక్కసారి తిట్టుకుని, పక్కకు జరిగాను.

మా ఆయన పట్టీలు బిగించాడు. అడుగులు ఎడం చేశాడు. చెక్కమడమలు నేలకు టకటకా తాకించి చూసుకున్నాడు. వంగి గుండును తొడల మీదికి తెచ్చాడు. అక్కడ ఆగి ఊపిరి తీసుకున్నాడు. నేను ఆయన ముఖం చూడలేదు, కాళ్ళనే చూస్తున్నాను. కుడికాలు వణికింది. లోపలికి మడతపడలేదు. గుండు కడుపు మీదికి, అక్కడినుంచి ఛాతీ మీదికి పాకింది. "స్వామీ" అని ఒక్క అరుపు అరిచాడు. భుజానికెక్కింది. తలుపులోంచి కనబడే స్వామి వైపు ఒకటి, రెండు, మూడు అడుగులు వేశాడు. మూడో అడుగు గడపకు జానెడు దూరంలో పడింది. గుండును మెల్లగా గడపకు ఆనించి దించాడు. ఊరు ఊరంతా అరిచింది. నేనూ అరిచానట. నాకు గుర్తులేదు.

జాజుగిన్నె వచ్చింది. ఆంజప్ప చెయ్యి ముంచబోయి ఆగిపోయాడు. పేరు రాయాల్సింది వస్తాదు. గోడేమో లోపల ఉంది. గిన్నె మా ఆయన చేతికిచ్చాడు. "పోప్పా. చెప్పులు విప్పి పోయి నువ్వే రాసుకో. మీ నాయన పేరు పక్కన కొంచెం జాగా ఉండాది, నేనే ఆపి పెట్టినాను."

మా ఆయన తాళ్ళు విప్పి బూట్లు తీసి నా పక్కన పెట్టాడు. లోపలికి పోయాడు. వీధిలోంచి ఆంజప్ప అడగడం మొదలుపెట్టాడు.

"రాస్తా ఉండావా?... తిన్నగా రాయి... మీ నాయన పేరు మాసిందా?... పైన పెంకు జారి వాన కారతా ఉండె, గోడ తడిసిందా?... స్వామి పటం ఎవరన్నా తుడిచినారా?... ఎట్లుండాది లోపల? చెప్పప్పా, ఎట్లుండాది?"

కాసేపటికి మా ఆయన జాజుగిన్నెతో బయటికి వచ్చాడు. గిన్నె నిండుగా అలాగే ఉంది.

"రాయలేదు మామా. నువ్వు రాయాల."

"నేను కాలు పెట్టకూడదు గదరా!"

"కాలు పెట్టద్దు" అన్నాడు మా ఆయన. అని నావైపు తిరిగాడు.

ఆయన కాళ్ళకు ఏమీ లేవు. ఏమడుగుతున్నాడో నాకు వెంటనే అర్థమైంది. నా నెత్తిమీద వేసిన ఒట్టు, తొమ్మిదేళ్ళది. ఆ అరికాలు తెగినప్పుడు మూడు నెలలు నా ఒళ్ళో పెట్టుకున్నదాన్ని నేను. వద్దు అంటే ఆగిపోతాడు, అదీ నాకు తెలుసు. ఆంజప్ప మెడ చాచి ఇంకా లోపలికే చూస్తున్నాడు.

"పో" అన్నాను. "మడమ మీద బరువు పెట్టి నడువు."

ఆంజప్ప, "ఒరే, వద్దురా, దించురా, నేనేమన్నా గుండునా" అంటూనే ఉన్నాడు. మా ఆయన ఆ ముసలాయన చెప్పులు విప్పి, గిన్నె చేతికిచ్చి, రెండు చేతుల మీద ఎత్తుకుని గడప దాటాడు. మిగిలిన వేళ్ళతో ఆ ముసలికాళ్ళు గాల్లో వేలాడుతూ పోయాయి. నేలకు తగల్లేదు.

నేను రెండు జతలకూ కాపలా కూర్చున్నట్టు గడప పక్కన కూర్చున్నాను. లోపల ఆంజప్ప పేర్లు చదవడం వినబడింది. చిన్నపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు ఒక్కొక్కటే చదివాడు. తొమ్మిదోది హనుమంతప్ప. పది, పదకొండు. తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. రాస్తున్నాడు కాబోలు. ఆ సేపంతా మా ఆయన ఆ ముసలాయన్ను చేతుల మీద మోస్తూ ఆ బండల మీద ఉత్తకాళ్ళతో నిలబడే ఉన్నాడు. అప్పుడు వినబడింది ఆ ముసలి గొంతు, గట్టిగా, నాకు కూడా వినబడాలన్నట్టు:

"వెంకటరామప్ప."

నేను ఆ గోడ ఇప్పటికీ చూడలేదు. మా ఆయన పదిహేను రోజులు కుంటుతూ నడిచాడు. నేను రోజూ ఉప్పునీళ్ళు కాచి పెట్టాను. ఒక్క మాట కూడా అనలేదు.